చక్కెర మీటరు ఎలా పనిచేస్తుంది? ఆ అంకె ఎవరిది?

(యూనియన్ ఆఫీసులో ఆదివారం జరిగిన ఆరోగ్య తరగతిలో మన కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



రాత్రి పాళీ దిగి, నిద్ర మానుకుని వచ్చినవాళ్ళు మీలో ఉన్నారు. బీడీల లెక్క అప్పజెప్పి పరుగున వచ్చిన అక్కచెల్లెళ్ళున్నారు. ఇవాళ బోనస్ గురించి గానీ, కరువు భత్యం గురించి గానీ మాట్లాడబోవడం లేదు. బల్ల మీద పెట్టిన ఈ చిన్న మీటరు గురించి మాట్లాడుకుందాం. రక్తంలో చక్కెర చూసే మీటరు ఇది. చందా డబ్బుల్లోంచి మన కమిటీ కొన్నది. కొన్నాం గనుక లెక్క చెప్పాలి. ఎందుకు కొన్నామో, అది ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో కూడా చెప్పాలి.

మేము డాక్టర్లం కాము. బడి చదువు చదివి, మిల్లులో వీవింగ్ ఖాతాలో చేరి, సాంచాల మోతలో సగం చెవులు పోగొట్టుకున్నవాళ్ళం. కాబట్టి మనకు తెలిసిన పని మాటల్లోనే చెబుతాం. అర్థం కాకపోతే మధ్యలోనే ఆపి అడగండి.

ముందు ఒక సంగతి. మాతోపాటు ఒకే ఖాతాలో పదిహేనేళ్ళు పనిచేసిన జాబర్ ఒకాయన ఉండేవాడు. పేరు చెప్పం, ఆయన కుటుంబం ఈ ఊళ్ళోనే ఉంది. సాంచా చప్పుడు వింటే చాలు, ఎక్కడ ఏ నట్టు వదులైందో చెప్పగలిగేవాడు. ఒకరోజు కాలికి మేకు దిగింది. నొప్పి లేదన్నాడు. నొప్పి లేకపోతే మంచిదే కదా అనుకున్నాం మేమంతా. మలాము రాసుకుంటూ రెండు నెలలు పాళీలు చేశాడు. పుండు మానలేదు. చివరికి దవాఖానాకు తీసుకుపోతే, తనకు చక్కెర జబ్బు ఉన్నదని తెలిసిన రోజే, పాదం తీసేయాలని కూడా ఆయనకు తెలిసింది. నొప్పి లేకపోవడం మంచికి కాదు. చక్కెర ఏళ్ళ తరబడి పేరుకుని కాలి నరాలను మొద్దుబారిస్తే నొప్పి తెలియదు. సాంచా లోపల ఏముందో చెవితో పట్టగలిగిన మనిషికి తన ఒంట్లో ఏముందో చెప్పే పనిముట్టు అప్పుడు మన దగ్గర లేదు. ఇవాళ ఉంది. అందుకే ఈ తరగతి.

2023లో భారత వైద్య పరిశోధనా మండలి వాళ్ళ అధ్యయనం ఒకటి వెలువడింది. 2021 నాటికి మన దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర జబ్బు ఉన్నవాళ్ళని, ఇంకో 13 కోట్ల మందికి పైగా దాని గడప మీద ఉన్నారని అందులో లెక్క తేలింది. ఇది కుర్చీల్లో కూర్చునేవాళ్ళ జబ్బు, మన ఒళ్ళు కష్టం చేసే ఒళ్ళు, మనకేం రాదు అనే మాట ఇక చెల్లదు. రాత్రి పాళీలు, వేళ తప్పిన తిండి, కరువైన నిద్ర కూడా ఈ జబ్బుకు తోవ చూపిస్తాయి.

ఇక మీటరు సంగతికి వద్దాం. ఇలాంటి పనిముట్లను బయోసెన్సర్లు అంటారు. మాట పెద్దది, విషయం చిన్నది. సెన్సరు అంటే జాడ పట్టేది. మనకు కొత్తది కాదు. ఆటోమేటిక్ మగ్గం మీద ఒక్కో పడుగు పోగుకు ఒక్కో డ్రాప్ పిన్ను వేలాడుతూ ఉంటుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపూ పిన్ను పైనే ఉంటుంది. పోగు తెగిందా, పిన్ను కింద పట్టీ మీద పడుతుంది, కరెంటు కలుస్తుంది, మగ్గం ఆగుతుంది. వేల పోగుల్లో ఏది తెగిందో మన కంటికి అందకపోయినా పిన్నుకు అందుతుంది. అది సెన్సరు.

రక్తంలో చక్కెర పోగులాంటిది కాదు. రక్తంలో ఉప్పు ఉంది, కొవ్వు ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, వందల రకాల పదార్థాలు ఉన్నాయి. అన్నిటి మధ్య ఒక్క చక్కెరను మాత్రమే గుర్తుపట్టే పిన్ను కావాలి. ఇనుముతో, రాగితో చేసిన పిన్నుకు ఆ తెలివి లేదు. ప్రాణుల నుంచి తీసిన పదార్థానికి ఉంది. అందుకే ముందు 'బయో' అని చేర్చారు. గుర్తుపట్టేది ప్రాణి పదార్థం, కబురు మోసేది కరెంటు. ఈ రెండూ ఒకదానికొకటి అంటుకుని ఉంటే అది బయోసెన్సరు.

గుర్తుపట్టడం అంటే ఏమిటో ప్రాసెసింగ్ ఖాతాలో పనిచేసినవాళ్ళకు మేము చెప్పనక్కరలేదు. పడుగుకు గంజి పెట్టి నేస్తాం. నేసిన తర్వాత ఆ గంజి పోతే గానీ బట్ట రంగు పట్టదు. గంజి తీయడానికి తొట్టిలో ఎంజైము కలుపుతారు. అది గంజిని తింటుంది, నూలు జోలికి పోదు. గంజీ నూలూ రెండూ చెట్టూ చేమా ఇచ్చినవే, రసాయనం లెక్కన దగ్గరి చుట్టాలే. అయినా ఆ ఎంజైము ఎన్నడూ పొరపడదు. తాళానికి దాని చెవే పట్టినట్టు, ఎంజైముకు దాని పదార్థమే పడుతుంది.

ఈ మీటరులో దూర్చే స్ట్రిప్పు కొనమీద ఉన్నదీ ఇలాంటి ఎంజైమే. పేరు గ్లూకోజ్ ఆక్సిడేజ్. ఉల్లిగడ్డల మీద నల్లబూజు పడుతుంది చూశారా, ఆ జాతి బూజు నుంచే దీన్ని తీస్తారు. కొన్ని కంపెనీలు వేరే ఎంజైము వాడతాయి గానీ పద్ధతి ఒకటే. రక్తంలోని గ్లూకోజు ఈ ఎంజైముకు తగిలితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఒక ఆమ్లంగా మారుతుంది. పక్కనే ఇంకో పదార్థం పుడుతుంది. అది ఏమిటనుకున్నారు? హైడ్రోజన్ పెరాక్సైడ్. మన బ్లీచింగ్ ఖాతాలో డబ్బాలకు డబ్బాలు వాడే పెరాక్సైడే. చేతుల మీద పడితే తెల్లగా పొక్కి మండేది అదే. చక్కెర ఎంత ఉంటే పెరాక్సైడ్ అంత. పెరాక్సైడ్‌ను ప్లాటినం తీగ మీద విరగ్గొడితే కరెంటు పుడుతుంది. కరెంటు కొలిస్తే చక్కెర ఎంతో తెలుస్తుంది.

ఈ ఆలోచన అమెరికాలో లీలాండ్ క్లార్క్ అనే శాస్త్రవేత్తది. ఆపరేషన్ సమయంలో రోగి రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి ఆయన 1950ల్లో ఒక ఎలక్ట్రోడు తయారు చేశాడు. దానిమీద ఎంజైము పొర ఒకటి కప్పితే చక్కెరను కూడా కొలవవచ్చునని 1962లో ప్రకటించాడు. చక్కెర ఎక్కువైతే ఎంజైము ఆక్సిజన్‌ను ఎక్కువ వాడుకుంటుంది, ఆ తరుగును చూడాలి అన్నది ఆయన మొదటి లెక్క. 1975లో ఎల్లో స్ప్రింగ్స్ కంపెనీ ఆ దారిలోనే యంత్రం చేసి అమ్మింది. అది పెరాక్సైడ్‌ను కొలిచేది. బల్ల మీద కూర్చునే యంత్రం, ప్రయోగశాలలకే గానీ ఇంటికి పనికిరాదు. తర్వాత ఇంగ్లండులో క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఆక్సిజన్ మీద ఆధారపడకుండా, ఎంజైము దగ్గరినుంచి కరెంటును నేరుగా ఎలక్ట్రోడుకు మోసే హమాలీ లాంటి పదార్థాన్ని స్ట్రిప్పు మీద పెట్టారు. 1987లో ఆ పద్ధతితో కలం అంత మీటరు వచ్చింది. ఇవాళ మన బల్ల మీద ఉన్నది దాని సంతతే.

స్ట్రిప్పును దగ్గరగా చూడండి. ప్లాస్టిక్ ముక్క మీద నల్లగీతలు కనబడతాయి. అవి కార్బన్ సిరాతో అచ్చువేసినవి. ఇలాంటి స్ట్రిప్పులను ఎక్కువగా స్క్రీన్ ప్రింటింగ్‌తోనే చేస్తూ వచ్చారు. మన దుప్పట్ల మీద, తువ్వాళ్ళ మీద పువ్వులు వేసే పద్ధతే. కొనకు బొట్టు తాకించగానే దీపం వత్తి నూనె పీల్చినట్టు రక్తాన్ని లోపలికి లాక్కుంటుంది. ఐదారు సెకండ్లలో అంకె వస్తుంది. పుట్టే కరెంటు ఆంపియరులో పది లక్షలవ వంతు లెక్కన ఉంటుంది. అంత చిన్న కరెంటుతో ఒక మనిషి కాలు కాపాడవచ్చు.

ఇది రాకముందు ఏం చేసేవారని మీరు అడగవచ్చు. మూత్రానికి చీమలు పడితే చక్కెర అని మన తాతలనాడే తెలుసు. తర్వాత బెనెడిక్ట్ ద్రావణం వచ్చింది. నీలంగా ఉండే ఆ ద్రావణంలో మూత్రం చుక్కలు వేసి కాచితే, చక్కెరను బట్టి ఆకుపచ్చ, పసుపు, చివరకు ఇటుక ఎరుపు. డైయింగ్ ఖాతావాళ్ళు షేడు చూసినట్టు డాక్టర్లు షేడు చూసేవారు. రంగు చిక్కదనాన్ని బట్టి ఒంట్లోని పదార్థాన్ని లెక్కగట్టే విద్యలో మన తెలుగువాడు ఒకాయన ప్రపంచానికి గురువయ్యాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో నీలిరంగు చిక్కదనంతో కొలిచే పద్ధతిని 1925లో అమెరికాలో ఫిస్కేతో కలిసి ప్రకటించారు. ఇద్దరి పేర్ల మీదా ఆ పద్ధతి నిలిచిపోయింది. రంగు చూసే కాలం నుంచి కరెంటు కొలిచే కాలానికి వచ్చాం. దారి మాత్రం ఒకటే: కంటికి కనబడనిదాన్ని లెక్కకు అందించడం.

మీటరు చెప్పిందంతా వేదం కాదు. మొదటిసారి ఇక్కడ చూసుకున్న ఒక తమ్ముడికి 310 వచ్చింది. ముఖం పాలిపోయింది. ఏం తిన్నావంటే, దారిలో బెల్లంముక్క తిన్నానన్నాడు. చేయి కడుక్కుని రమ్మన్నాం. మళ్ళీ చూస్తే 128. మీటరు తప్పు చెప్పలేదు. వేలికున్న బెల్లాన్ని కూడా లెక్కలో వేసింది. అందుకని చేయి సబ్బుతో కడిగి, బాగా ఆరిన తర్వాతే గుచ్చుకోవాలి. గుచ్చేది వేలి కొస మీద కాదు, పక్కన. పోగు ముడివేసే బొటనవేలు, చూపుడువేలు వదిలిపెట్టండి, అవి మన కూలి వేళ్ళు. ఉంగరపు వేలు చాలు. రక్తం రాలేదని గట్టిగా పిండితే కండలోని నీరు కలిసి లెక్క చెడుతుంది. ఒకరు గుచ్చుకున్న సూది ఇంకొకరు ముట్టకూడదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్, ఎయిడ్స్ పురుగులు ఆ సూది మీద ప్రయాణం చేస్తాయి. అన్నదమ్ములైనా, ఆలుమగలైనా సరే, ఎవరి సూది వారిదే.

స్ట్రిప్పుల డబ్బీ మూత ఎప్పుడూ బిగించి ఉంచాలి. వీవింగ్ ఖాతాలో పోగు తెగకుండా గాలిలో తేమ పట్టిస్తారు. పోగుకు మంచిదైన ఆ తేమ ఎంజైముకు పగ. వేడి కూడా అంతే. తేదీ దాటిన స్ట్రిప్పు పారెయ్యండి. రక్తం తక్కువగా ఉన్నవాళ్ళకు, ముఖ్యంగా మన ఆడవాళ్ళకు, చాలా మీటర్లు ఉన్నదానికంటె ఎక్కువ చూపుతాయి. ఇంకో మాట. ఈ మీటర్లకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 100కు పైన ఉన్నప్పుడు నూటికి 15 వంతులు అటూ ఇటూ ఉండవచ్చునని అది ఒప్పుకుంటుంది. అసలు 200 ఉంటే మీటరు 170 చూపినా, 230 చూపినా ప్రమాణం ప్రకారం తప్పు కాదు. కనుక నిన్న 180, ఇవాళ 190 అని కంగారు పడకండి. ఈ మీటరుతో జబ్బు ఉందని గానీ లేదని గానీ తీర్పు చెప్పకూడదు. అనుమానం వస్తే ప్రయోగశాలలో నరం నుంచి రక్తం తీసి చూడాలి. పరగడుపున 126 లేక అంతకు మించి ఉంటే, లేదా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షలో 6.5 లేక ఆపైన వస్తే డాక్టర్లు చక్కెర జబ్బు అంటారు. లక్షణాలేవీ లేకపోతే ఇంకోసారి పరీక్ష చేసి నిర్ధారించుకుంటారు.

ఎక్కువే కాదు, తక్కువా ప్రమాదమే. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు తీసుకుని తిండి మానేసి పాళీ ఎక్కితే చక్కెర 70 కంటె కిందికి దిగవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్ళు తిరుగుతాయి. తిరిగే యంత్రం ముందు అది ఎంత అపాయమో మీకు చెప్పాలా? పక్క సాంచా మనిషి అలా కనిపిస్తే, తాగాడని నవ్వకండి. స్పృహలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్ళీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, దవాఖానాకు తీసుకుపొండి.

బయోసెన్సర్లు చక్కెర దగ్గరే ఆగలేదు. చేతికి అంటించుకుంటే చర్మం కింద సన్నని పోచతో పది పదిహేను రోజులు ఆగకుండా చక్కెర చెప్పేవి వచ్చాయి. ధర మాత్రం మనకు అందేది కాదు. 2020, 2021 కరోనా రోజుల్లో ముక్కులో పుల్లపెట్టి, పట్టీ మీద గీతలు చూసిన పరీక్ష ఉంది కదా, అదీ దగ్గరి చుట్టమే. అక్కడ గుర్తుపట్టేది ఎంజైము కాదు, యాంటీబాడీ. వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసేది మాత్రం వేరు. అది వెలుతురుతో చూస్తుంది, అందులో ప్రాణి పదార్థం లేదు.

మన పత్తి పండించే రైతు సంగతి చూడండి. చేలో కొడుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు నరాలకు అవసరమైన ఒక ఎంజైమును స్తంభింపజేస్తాయి. ఆ ఎంజైమునే సెన్సరు మీద పెట్టి, అది ఎంత మందగించిందో చూసి నీళ్ళలోనో కూరగాయల్లోనో మందు ఉన్నదని కనిపెడతారు. మన ఒంట్లో జరిగే హానినే అక్కడ సాక్షిగా నిలబెట్టారన్నమాట.

రంగు కర్ఖానాల నీళ్ళూ అంతే. మురుగునీటిలో సూక్ష్మజీవులు తినగల మలినం ఎంత ఉందో చూసే పరీక్షను బి.ఓ.డి. అంటారు. మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చూస్తారు. ఆ మూడు రోజుల్లో మురుగు వాగు దాటి ఊరు చేరుతుంది. 1970ల్లో జపాన్ శాస్త్రవేత్తలు సూక్ష్మజీవులనే ఒక పొరలో బంధించి ఆక్సిజన్ ఎలక్ట్రోడు మీద పెట్టారు. అవి మలినాన్ని తింటూ ఎంత ఆక్సిజన్ పీల్చాయో చూసి గంటలోపే లెక్క చెప్పవచ్చు. రంగునీ ఉప్పునీ అవి పట్టలేవు, వాటికి వేరే పరీక్షలు కావాలి. ఈ మాట ఎందుకు చెబుతున్నామంటే, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు రంగు కర్ఖానాలను మూయించింది. నొయ్యల్ నది పాడైందన్నది నిజం. రైతుల గోడు నిజం. కానీ ఏళ్ళ తరబడి నీళ్ళను వదిలింది యాజమాన్యాలు, ఒక్కరోజులో పని పోయింది కార్మికులకు. కొలవాల్సినప్పుడు కొలవకపోతే ఆ బాకీ చివరికి మన నెత్తిమీదే పడుతుంది.

ఇప్పుడు అసలు మాట. కొలిచిన అంకె ఎవరిది?

మొన్నామధ్య ఒకచోట ఉచిత ఆరోగ్య శిబిరం పెట్టారు. మంచిదే అనుకున్నాం. వరుసలో నిలబెట్టి అందరి వేళ్ళూ గుచ్చారు. అంకెలన్నీ ఒక రిజిస్టరులో రాశారు. ఎవరి అంకె వారికి చెప్పలేదు. రిజిస్టరు డాక్టరు సంచిలోకి పోవాల్సింది, ఆఫీసు గదిలోకి పోయింది. వారం తిరక్కముందే ఇద్దరు బదిలీ కార్మికులను పనికి పిలవడం మానేశారు. అడిగితే, 'చక్కెర మనుషులు, రాత్రి పాళీకి పనికిరారు' అన్నారు. మేము వెళ్ళి కూర్చున్నాం. రెండు రోజులు వాదించాం. ఇద్దరూ మళ్ళీ పనిలోకి వచ్చారు, పగటి పాళీలో. రిజిస్టరు డాక్టరు చేతికి పోయింది. కానీ ఆ వారం నష్టపోయిన కూలి తిరిగి రాలేదు. అంతకంటె పెద్ద నష్టం ఇంకొకటి. ఆ తర్వాత నెల రోజులు మనవాళ్ళు ఎవరూ వేలు చాపలేదు. భయపడి దాచుకున్న జబ్బు ఏం చేస్తుందో మన జాబర్ కాలిని అడగండి.

అందుకే కమిటీ కూర్చుని కొన్ని నిర్ణయాలు చేసింది. ఈ మీటరు ప్రతి ఆదివారం పొద్దున ఇక్కడ ఉంటుంది. అంకె చీటీ మీద రాసి, చూసుకున్నవారి చేతికే ఇస్తాం. మన దగ్గర నకలు ఉంచం. ఇంటివాళ్ళను, బీడీలు చుట్టే ఆడవాళ్ళను కూడా తీసుకురండి. ఎక్కువ వచ్చినవాళ్ళను ఈఎస్ఐ దవాఖానాకు తీసుకువెళ్ళడానికి ఇద్దరు కార్యకర్తలు ఒప్పుకున్నారు. 2019 జూలై నుంచి మన జీతంలో నూటికి ముప్పావలా, యజమాని నూటికి మూడుంబావలా ఈఎస్ఐకి కట్టాలన్నది లెక్క. అది దానం కాదు, మన సొమ్ము. కార్డు లేని సాంచా కార్మికులు పేర్లు ఇవ్వండి, ఆ పోరాటం వేరే ఉంది. మీటరు చవక, స్ట్రిప్పు ప్రియం. ఈ వ్యాపారం గుట్టే అది. కాబట్టి పనిచోట ప్రథమ చికిత్స పెట్టెలో మీటరు, స్ట్రిప్పులు యాజమాన్యమే పెట్టాలని వచ్చే డిమాండ్ల పత్రంలో చేర్చాం. దానికింద ఇంకో వాక్యం కూడా రాశాం: పరీక్ష ఫలితం కార్మికునికి, డాక్టరుకు తప్ప మూడోవారికి చేరరాదు.

డ్రాప్ పిన్ను పడితే మగ్గం ఆపుతాం. పోగు అతికి మళ్ళీ నడుపుతాం. పోగు తెగిందని మగ్గాన్ని ఎవరూ పాతసామానుకు అమ్ముకోరు. మనిషి విషయంలో కూడా అదే న్యాయం అడుగుతున్నాం.

ఇక సబ్బు అక్కడ, నీళ్ళు అక్కడ ఉన్నాయి. చేతులు కడుక్కుని రండి. ముందు మా వేలే గుచ్చుకుంటాం, అంకె గట్టిగా చదివి వినిపిస్తాం. మీరు చదవనక్కరలేదు, మీ అంకె మీది.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!